బ్రాకెట్ల లోతు కొలిచే పనితనం

ఏపీఎల్ భాషకు వరుసగా పేర్చిన సంఖ్యలంటే ప్రాణం. కెనెత్ ఐవర్సన్ 1962లో పుస్తకంగా వెలువరించిన సంకేతాల నుంచి పుట్టిన ఈ భాషలో, లక్ష సంఖ్యలనైనా రెండే గుర్తులతో కూడేయవచ్చు. అదే భాషకు ఒకదాంట్లో ఒకటి దూరిన జేసాన్ డేటా ఇచ్చి, ఒక్కో అక్షరమే చదువుకుంటూ పొమ్మంటే చతికిలబడుతుంది. ఇంటర్‌ప్రెటర్ ప్రతి అడుగుకీ ఆదేశాన్ని మళ్లీ విప్పి చూసుకోవాలి. లోపలి ప్రతి చిన్న జాబితాకూ మెమరీలో వేరే చోటు వెతకాలి.

పనిమంతుల నేర్పు ఇక్కడే తెలుస్తుంది. వాళ్లు లూప్ జోలికి పోరు. తెరిచే బ్రాకెట్ ఉన్నచోట 1, మూసేచోట −1, మిగతాచోట్ల 0 పెట్టి, ఎడమ నుంచి కుడికి కూడుకుంటూ పోతారు. ఏ అక్షరం ఎంత లోతులో ఉందో ఆ ఒక్క కూడికలో తేలిపోతుంది! కొటేషన్ల మధ్య ఉన్న బ్రాకెట్లు మోసం చేయకుండా, అంతకుముందే కొటేషన్ గుర్తుల సరి బేసి లెక్క తీసి వాటిని తప్పిస్తారు. బ్యాక్‌స్లాష్ తర్వాత వచ్చే కొటేషన్‌ను ఇంకా ముందే ఏరేయాలి. చెయ్యి తిరిగినవాళ్లెవరో నాకు ఆ మెట్టు దగ్గరే తెలుస్తుంది.

ఆరన్ సూ ఏపీఎల్‌లోనే రాసిన కో-డిఫన్స్ కంపైలర్ ఈ విద్యకు గొప్ప నిదర్శనం. అందులో ప్రోగ్రామ్ చెట్టంతా పాయింటర్లు లేకుండా, లోతుల వరుసలుగా, తల్లి కణుపుల వరుసలుగా పరుచుకుని ఉంటుంది.

మీ పార్సర్ నత్తనడక నడుస్తుంటే, భాషను తిట్టే ముందు ఆ లోతుల వరుసను ఒకసారి రాసి చూడండి.