షెడ్డుకు కిటికీ

బస్తర్‌లో జగదల్‌పూర్ నుంచి నగర్‌నార్ వచ్చే దారిలో కొత్తగా లేస్తున్న షెడ్లను చూస్తే ఒళ్లు మండుతోంది. చదరపు ఇనుప పైపులు నిలబెట్టడం, చుట్టూ నీలం రేకు బిగించడం, ముందొక షట్టరు. కిటికీ ఊసే లేదు. ఈ వారం మా వీధిలో ఒక కుర్రాడు అలాంటిదే మొదలుపెట్టాడు. విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. ఒక పక్క కారు, ఇంకో పక్క రాత్రిళ్లు ఛార్జింగు పెట్టే ఈ-రిక్షా, వెనక రిపేర్లకు ఒక బల్ల. “కిటికీలు ఎక్కడ పెడుతున్నావురా?” అని అడిగాను. “బండికి గాలెందుకు బాబాయ్? కిటికీ పెడితే దొంగకి దారి చూపినట్టే” అన్నాడు.

నా పట్టుదల ఈ కాలమ్ పాఠకులకు తెలిసిందే. వంటిళ్ల గురించి రాసినా, బడి గదుల గురించి రాసినా, గాలాడని గది కట్టడం తప్పనే చెబుతూ వచ్చాను. వాస్తుశిల్పి లారీ బేకర్ తిరువనంతపురంలో కట్టిన ఇటుక జాలీ గోడల గురించి ఎన్నిసార్లు రాశానో కూడా తెలుసు. అందుకే వాడికి నచ్చజెప్పాలని కూర్చున్నాను.

బండికి గాలి అక్కర్లేకపోవచ్చు. బండి వదిలేవాటికి మాత్రం బయటికి దారి ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజను ఆడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జి అవుతుంటే వచ్చే హైడ్రోజన్ చాలా తేలిక, కప్పు కింద చేరి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఒకటి నేల మీద, ఒకటి కప్పు కింద. ఇదంతా వాడికి చెబుతుండగానే నాకు అనుమానం వచ్చింది. నడుమెత్తున పెట్టే కిటికీ ఈ రెండింటిలో దేన్ని బయటికి పంపుతుంది?

గజపతినగరం దగ్గర మా తాతగారి గొడ్ల సాల గుర్తొచ్చింది. దానికి ఒక్క కిటికీ కూడా లేదు. నడుమ నిట్రాటలు, చుట్టూ పొట్టి రాటలు. చెదలు పట్టకుండా రాట మొదలు కాల్చి పాతేవారు. పైన తాటికమ్మలు. మట్టిగోడ ఛాతీ ఎత్తుకు లేచి ఆగిపోయేది. గోడకూ చూరుకూ మధ్య చుట్టూతా ఖాళీ. ఆ చూరు ఎంత కిందికి దిగేదంటే తాతయ్య వంగితే గానీ లోపలికి పోలేకపోయేవాడు. సాయంత్రం దోమలకు వేపాకు పొగ వేస్తే అది గొడ్ల మధ్య కాసేపు తిరిగి, కమ్మల కిందుగా మెల్లగా బయటికి పోయేది. ఎంత ముసురు పట్టినా చూరు వల్ల జల్లు లోపలికి కొట్టేది కాదు. పేడ, పంచితం, పది గొడ్ల ఊపిరి అన్నీ ఒక్కచోటే ఉన్నా, తెల్లారి పాలు తీయడానికి వెళ్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది కాదు. గాలికి వాళ్లు ప్రత్యేకంగా ఏమీ కట్టలేదు. గోడను సగంలో ఆపారు, అంతే.

ఉక్కు మిల్లుల పెద్ద షెడ్లలోనూ పద్ధతి ఇదే. కింద గాలి లోపలికి వచ్చే సందులు, వెన్ను మీద వేడి పోయే ఎత్తైన తెరుపు. నగర్‌నార్ ప్లాంటులో 2023 ఆగస్టులో మొదటి హాట్ రోల్డ్ కాయిల్ వచ్చింది, ఆ అక్టోబరు 3న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం. మన షెడ్ల పైపులు చేసేది ఇలాంటి కాయిల్‌ను పట్టీలుగా చీల్చి, వంచి, అతికే. ఇనుము మనకు తెలిసినంతగా దాని కింద గాలి నడక తెలియకపోవడమే నాకు బాధ.

ఇక కుర్రాడి షెడ్డు సంగతి. పక్క గోడలకు కిటికీలు వద్దని నేనే చెప్పాను. గోడ రేకును కప్పుకు అడుగున్నర కింద ఎదురెదురు గోడల్లో ఆపమన్నాను. ఆ ఖాళీకి వెల్డ్‌మెష్ బిగిస్తే దొంగ భయం లేదు. నేల దగ్గర రెండు వైపులా జాలీ ఇటుకలు రెండు వరసలు. చూరు రెండడుగులు బయటికి రావాలి, బస్తర్ వానకు అంతకు తగ్గితే చాలదు. వెలుతురుకు ఉత్తరపు వాలులో ఫైబర్ రేకులు రెండు చాలు. తెరుపు ఒకే వైపు ఉంచకూడదు. ఈదురుగాలి లోపల దూరి బయటికి దారి లేకపోతే కప్పునే ఎత్తేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖ వాళ్లకు రేకులు ఎగరడం గురించి చెప్పక్కర్లేదు. చలికాలం తెల్లవారుజామున రేకు లోపలి వైపు నీరు పట్టి బండి మీద కారడం కూడా గాలి ఆడితే చాలావరకు తగ్గుతుంది.

ఒక్క కిటికీ మాత్రం పెట్టించాను, రిపేరు బల్ల ఎదురుగా. అక్కడ మనిషి నిలబడి పని చేస్తాడు. వాడికి వెలుతురూ కావాలి, తలెత్తితే చెట్టూ కనిపించాలి.

షెడ్డు వేయించే ఆలోచనలో ఉంటే ఈ తెరుపుల సంగతి రేకులు ఆర్డరు ఇవ్వకముందే మేస్త్రీతో తేల్చుకోండి. బిగించాక గ్రైండరుతో కోస్తే ఆ వేడికి రంగూ జింకు పూతా మాడి, తుప్పు ఆ అంచు దగ్గరే మొదలవుతుంది.