చదరపు అడుగుల చదువు

చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌కు గురువు లేడంటారు. ఇందౌర్‌లో కొన్నాళ్లు సాయంత్రపు తరగతులకు వెళ్లడం లాంటివి తప్ప, ఆయన బడిలో కూర్చుని నేర్చుకున్నది తక్కువే. కానీ ఆయనకు బడే లేదంటే మాత్రం ఒప్పుకోలేను. ఆ బడి బొంబాయి వీధుల్లో, పరంజాల మీద ఉండేది.

1915లో పండరిపురంలో పుట్టిన హుస్సేన్, 1930లలో బొంబాయి చేరి సినిమా హోర్డింగులు వేసి బతికారు. కూలి చదరపు అడుగు లెక్కన, అదీ అణాల్లో. చెయ్యి ఆగితే పస్తే. బొమ్మ ఎంత పెద్దదైనా బెదరని తనం, వేగం అక్కడే అబ్బి ఉంటాయి.

చిన్నప్పుడు విజయవాడ గాంధీనగర్‌లో బ్యానర్లు వేసేవాళ్లను చూస్తూ నిలబడిపోయేవాణ్ని. పరంజా ఎక్కిన మనిషికి తాను వేస్తున్న ముఖం కనపడదు. కళ్లెదుట ఉండేది బారెడు చెంప. చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవి చేసి, ఒక్కొక్కటే నింపుకుంటూ పోతాడు. పోలిక కుదిరిందో లేదో రోడ్డు అవతలివాడికే తెలుస్తుంది. మాటిమాటికీ దిగి చూసుకుంటే పని తెమలదు. అందుకే గీతను నమ్మక తప్పదు. సన్నటి నగిషీ అంత దూరం ఆనదు. తడబడకుండా లాగిన ఒక్క వంపు ఆనుతుంది.

హుస్సేన్ గీసిన గుర్రాల మెడల్లో ఉన్నది ఆ వంపే. మదర్ థెరిసా బొమ్మల్లో ముఖమే ఉండదు. నీలి అంచు తెల్లచీర చాలు, ఎవరో తెలిసిపోతుంది. పసితనంలోనే పోయిన తల్లి ముఖం తనకు గుర్తులేదని ఆయన చెప్పేవారు. ఆ వెలితి ఆయనది. ముఖం లేకుండానే మనిషిని పోల్చుకునేలా గీసే ఒడుపు మాత్రం హోర్డింగుల చలవే అనుకుంటాను.

1947లో తోటి చిత్రకారుడు సూజా పిలుపుతో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌లో చేరారు. 1954లో 'గ్రామయాత్ర' వేశారు. దాదాపు 14 అడుగుల పొడవు, అందులో పల్లె బతుకు పదమూడు గళ్లుగా. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో అది 1.37 కోట్ల డాలర్లకు పైగా పలికింది. అప్పటికి ఆధునిక భారతీయ చిత్రాల్లో అదే రికార్డు.

నాకు ఆ ధర కన్నా హైదరాబాద్ ముచ్చట ఎక్కువ ఇష్టం. ధనవంతుల హాళ్లకు బొమ్మలు వేస్తావు సరే, రామాయణం వెయ్యరాదా అన్నారట సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా. లోహియా పోయాక, హైదరాబాద్ కళాపోషకుడు బద్రీ విశాల్ పిత్తీ అండతో హుస్సేన్ ఆ పని మొదలుపెట్టి ఏళ్ల తరబడి చేశారు. కొన్ని బొమ్మల్ని ఎడ్లబండి మీద చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి చూపించారు. రాముణ్ని ఇలా వేశావేమని అక్కడ ఒక్కరూ అడగలేదని ఆయన తర్వాత గుర్తుచేసుకున్నారు.

ఆ ప్రశ్న వేరేచోట వచ్చింది. 1970లలో దేవతలను నగ్నంగా గీసిన బొమ్మలు 1996లో ఓ హిందీ పత్రికలో అచ్చయ్యాక కేసులు, దాడులు మొదలయ్యాయి. 2006లో దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు కొన్ని కేసులు కొట్టేసినా తిరిగి రాలేదు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నారు. 2011 జూన్‌లో లండన్‌లో పోయారు. ఆ బొమ్మల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు. తొంభై దాటిన మనిషి సొంతగడ్డకు దూరంగా పోవడం మాత్రం మనకు గొప్ప కాదు.

హుస్సేన్ వారసత్వం అనగానే మ్యూజియంలు, వేలంపాటలు లెక్కపెడతాం. ఆయన్ను తయారుచేసిన పని ఏమైందని ఎవరూ అడగరు. ఫ్లెక్సీలొచ్చి బ్యానర్ గుడ్డను, గళ్లను, పరంజాను కలిపి ఊడ్చేశాయి. అవి చవక, రాత్రికి రాత్రే తయారు. తప్పుపట్టలేం. కానీ ఫీజు కట్టలేని, చేతిలో పనితనమున్న కుర్రాడికి కూలి ఇస్తూ గీత నేర్పే చోటు ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కడుంది? ఆర్ట్ కాలేజీల్లో ఇంకో నాలుగు సీట్లు పెంచితే తీరే లోటు కాదిది.