తెరిచి చూడగలిగే ఫైలు

సోషల్ మీడియా మీద విమర్శ అనగానే మనం అక్కడి పోస్టుల గురించే మాట్లాడతాం. వాటిని వరస పెట్టి చూపించే ప్రోగ్రామ్‌ని కూడా ఒక ఎడిటర్‌లా చూడాలనిపిస్తుంది నాకు. అలా చూస్తే అసలు లోపం అల్గారిదం ఉండటం కాదు, పాఠకుడు దాన్ని తెరిచి దిద్దలేకపోవడం.

మొదట్నించీ ఇలా లేదు. 1984లో లారీ వాల్ (తర్వాత పెర్ల్ భాష తయారుచేసింది ఈయనే) ఆనాటి చర్చావేదిక యూజ్‌నెట్‌ని చదవడానికి ఆర్‌ఎన్ అనే ప్రోగ్రామ్ రాశాడు. అందులో కిల్ ఫైల్ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఏవేవి కంటబడకూడదో వరసగా రాసుకోవచ్చు. మొరటు పద్ధతే. ఎవర్నైనా అందులో పడేస్తే "ప్లాంక్" అని అందరిముందూ చాటేవాళ్లు కూడా, అదో చిల్లర సరదా.

నాకు నచ్చింది తర్వాత వచ్చిన గ్నస్. ఈమాక్స్ లోపల నడిచే ఈ రీడర్‌లో వేటుకి బదులు మార్కులుంటాయి: ఫలానా రచయితకి వంద కలుపు, ఫలానా చర్చకి యాభై తగ్గించు. చాలకపోతే సొంత కోడ్ తగిలించుకోవచ్చు. 'అడాప్టివ్ స్కోరింగ్' పెట్టుకుంటే మీరేది చదివారో, ఏది దాటేశారో గమనించి మార్కులు అదే మారుస్తుంది. ఇవాళ్టి ఫీడ్ చేసేదీ ఇదే కదా! తేడా అల్లా, గ్నస్ తాను నేర్చుకున్నదంతా మీ డిస్కు మీదే ఒక ఫైల్లో రాసిపెడుతుంది. తెరిస్తే మీ అభిరుచి గురించి అదేమనుకుంటోందో కనబడుతుంది. నచ్చని వరస చెరిపేయొచ్చు.

తెలుగు చదివేవాళ్లకి ఇది ఇంకా అవసరం. మ్యూట్ లిస్టులో "రివ్యూ" అని పెట్టాననుకోండి. పూర్తి మాటనే పోల్చే ఫిల్టరయితే "రివ్యూలో", "రివ్యూకి", "రివ్యూలు" అన్నీ దర్జాగా వచ్చేస్తాయి. మన ప్రత్యయాలు దానికేం తెలుసు? ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయనిస్తే చాలు. ట్వీట్‌బాట్ రాయనిచ్చేది. 2023 జనవరిలో ట్విట్టర్ బయటివాళ్ల యాప్‌లని ఆపేయడంతో అదీ పోయింది.

బ్రౌజర్లో గ్రీజ్‌మంకీ లాంటివాటితో నడిచే యూజర్ స్క్రిప్టులు ఇప్పటికీ ఉన్నాయి గానీ, అవి పైనుంచి వేసే అతుకులు. పేజీ నిర్మాణం మారితే ఊడిపోతాయి. బ్లూస్కైలో ఎవరైనా సొంత ఫీడ్ తయారుచేయొచ్చు. మంచిదే, కాకపోతే దానికోసం ఎక్కడో ఒక సర్వర్ నడుస్తుండాలి. నేనడిగేది అంతకన్నా చిన్నది: యాప్‌లోనే ఒక ఖాళీ ఫైలు, ప్రతి పోస్టూ తెర మీదికి వచ్చేముందు అందులోని నా ఫంక్షన్‌ని ఒకసారి అడగడం. కోడ్ రానివాళ్ల సంగతేంటంటారా? నా స్నేహితుడికి నా ఫైలే పంపిస్తాను, రివ్యూల వరస మాత్రం తీసేసి. వాడికవి కావాలి.