వెధవ్వేషాలు వేసే చనువు ఎవరికుంది?

‘ఈ నగరానికి ఏమైంది’ (2018), ‘జాతిరత్నాలు’ (2021) రెండూ కుర్రాళ్ల దోస్తీ మీద నడిచిన హాస్య చిత్రాలే. మొదటిది తరుణ్ భాస్కర్‌ది, రెండోది అనుదీప్‌ది. తెరమీద ఎవరి బతుకు కనిపిస్తోంది, ఎవరి యాస వినిపిస్తోంది అని చూసుకుంటే మాత్రం రెంటికీ దారులు వేరు.

చాలా ఏళ్లు మన సినిమాల్లో తెలంగాణ యాస రౌడీకో, హాస్యగాడికో దక్కేది. తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళిచూపులు’ (2016)లో కూడా ఆ యాసతో నవ్వించిన ప్రియదర్శి హీరో పక్కన స్నేహితుడే. అదే ప్రియదర్శి ‘జాతిరత్నాలు’కొచ్చేసరికి కథ మోసే ముగ్గురిలో ఒకడయ్యాడు. హీరో శ్రీకాంత్‌ది కూడా తెలంగాణలోని జోగిపేటే, అతని మాటా ఆ ఊరి మాటే. మనం నవ్వేది వాళ్ల అమాయకత్వానికీ గొప్పలకీ తప్ప యాసకు కాదు. ఈ మార్పు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

ఆ సినిమాలో ఇంకో నిజం ఉంది. పలుకుబడి లేని ముగ్గురు చిన్న ఊరి నిరుద్యోగులు ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసులో ఇట్టే ఇరుక్కుంటారు. వాళ్ల తరఫున ఒక మాట చెప్పే పెద్దమనిషి నగరంలో లేడు. ఇంత నవ్వులోనూ వర్గం సంగతి కథలోనే కలిసిపోయింది, ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ‘ఈ నగరానికి...’ కుర్రాళ్లకూ డబ్బు ఇబ్బందులున్నాయి. కానీ తాగిన మత్తులో గోవాకు బయల్దేరగల ధీమా వాళ్లది. పోలీసు తలుపు కొడతాడన్న భయం వాళ్ల కథలో లేదు.

అయితే స్నేహాన్ని చిత్రించడంలో తరుణ్ భాస్కర్ సినిమాదే పైచేయి. అందులో స్నేహితులైన కౌశిక్, ఉప్పి హీరో వివేక్ వెనక నిలబడే మనుషులు కారు. వాళ్లవి సొంత కలలు, సొంత బెంగలు. ‘జాతిరత్నాలు’లో ప్రేమ వ్యవహారం శ్రీకాంత్‌కే దక్కింది. అతని దోస్తులు శేఖర్, రవి ఎంత నవ్వించినా వాళ్లకు కావలసిందేమిటో మనకు పెద్దగా తెలియదు. మగవాడి దుఃఖాన్ని దోస్తులు ఓపికగా మోయడం కూడా ‘ఈ నగరానికి...’లోనే చూస్తాం. 2023లో తిరిగి విడుదలైనప్పుడు కుర్రకారు థియేటర్లు నింపింది ఆ ఆత్మీయత కోసమే అనుకుంటాను.

ఆ ఓపికకు మూల్యం ఆడపాత్రలు చెల్లించాయి. వివేక్ ప్రేమించిన శిల్ప మనకు తెలిసేది ఎక్కువగా అతని జ్ఞాపకాల్లోంచే. ఆమె దూరమయ్యాక అతను ఆడవాళ్ల మీద వెళ్లగక్కే కోపాన్ని స్నేహితులు భరిస్తారు, సినిమా కూడా చాలాసేపు భరిస్తుంది. ఆ తర్వాత అతని జీవితంలోకి షర్లీ వచ్చేది ఆ గాయం మాన్పడానికే. ‘జాతిరత్నాలు’ కథానాయిక చిట్టి కొంత నయం: నల్లకోటు వేసుకుని కోర్టుకొస్తుంది, తడబడుతుంది, నవ్విస్తుంది. తెలుగు కథానాయికకు ఇలా తెలివితక్కువగా ఉంటూనే ప్రేక్షకుల అభిమానం పొందే అవకాశం అరుదు. చిట్టిగా ఫరియా అబ్దుల్లా దాన్ని బాగా వాడుకుంది.

కులం ప్రస్తావన రెండు సినిమాలూ దాటేశాయి. కానీ నన్ను ఎక్కువ బాధించే లోటు మరొకటి. శ్రీకాంత్ పప్పులో కాలేస్తే శేఖర్, రవి ఉన్నారు. వివేక్ తాగి పడిపోతే ముగ్గురున్నారు. చిట్టికో, శిల్పకో, షర్లీకో అలా వెనకేసుకొచ్చే నేస్తం ఒక్కతె కూడా గుర్తుండేలా లేదు.