నల్ల తీగ, తెల్ల తీగ

వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పితే ఫ్యాను పక్కనో బ్యాటరీ వారనో ఓ మూల కనిపిస్తుంది వైఫై కార్డు. దాన్ని కదలకుండా పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. దాని మీద రెండు సన్నటి తీగలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. పాత కార్డు తీసి కొత్తది పెట్టడమంటే ఆ తీగలు ఊడదీసి, ఆ స్క్రూ విప్పి, కార్డు మార్చి మళ్ళీ బిగించడమే. "పది నిమిషాల పని సార్" అంటారు షాపుల్లో. నిజమే, పది నిమిషాలే. కానీ పని వచ్చినవాడి పది నిమిషాలకీ రానివాడి పది నిమిషాలకీ తేడా ఆ రోజే బయటపడదు. నెల పోయాక, రౌటర్ ఉన్న గది వదిలి పక్క గదిలో కూర్చున్నప్పుడు బయటపడుతుంది.

అడవివరం దాటి సింహాచలం గోశాల జంక్షన్ వైపు వచ్చే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద, ముందు జిరాక్స్ మిషనూ మొబైల్ కవర్లూ, వెనక రిపేరు బల్లా ఉన్న ఒక చిన్న షాపులో ఈ పనిని దగ్గర కూర్చుని చూశాను. చేసే కుర్రాడికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఎదురుగా స్టూలు మీద రిటైరైన లెక్కల మాస్టారు. విశాఖ రైల్వే స్టేషన్లో రైల్‌టెల్, గూగుల్ కలిసి ఉచిత వైఫై పెట్టిన 2016 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్ ఆయనది.

"ఏటి బాబూ, కొత్తది కొనీమంటావా?"

"అప్పుడే ఎందుకు మేస్టారూ. ముందు చూడనివ్వండి."

నాకు మొదట నచ్చింది ఇక్కడే. చాలాసేపటి దాకా అతను స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. తన ఫోను, మాస్టారి ల్యాప్‌టాప్ పక్కపక్కన పెట్టి, రెండింటినీ షాపు రౌటర్‌కే కలిపి స్పీడు చూశాడు. ఫోను పరిగెడుతోంది, ల్యాప్‌టాప్ నత్తలా పాకుతోంది. అప్పుడు గానీ తప్పు కార్డుదేనని ఒప్పుకోలేదు. వైఫై రావడం లేదని వచ్చేవాళ్ళలో చాలామందికి కార్డు మార్చాల్సిన పనే ఉండదట. రౌటర్ ఇనప బీరువా వెనక పెట్టి ఉంటుంది, లేదా కింద ఇంట్లో రౌటర్, మేడ మీద ల్యాప్‌టాప్, మధ్యలో కాంక్రీటు శ్లాబు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలకి శ్లాబు దాటడం కష్టం, అందులోని ఇనప కమ్ములు దాన్ని మరింత కష్టం చేస్తాయి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్ళో కమ్ములకి కరువా! అలాంటివాళ్ళని రౌటర్ జరుపుకోమని చెప్పి పంపేస్తాడు. మార్చనక్కర్లేని కార్డుని మార్చకపోవడం కూడా పనితనంలో భాగమే. బిల్లులో కనిపించదు, అంతే.

మాస్టారి ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కదాన్నే పట్టే కార్డు. 2009లో వచ్చిన 802.11ఎన్ ప్రమాణం, అందులోనూ ఒకే వరస డేటా పంపే రకం. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ ఇచ్చిన రోజుల్లో ఆ కార్డు చాలు, ఇంకా మిగులు కూడా. ఇప్పుడు ఇంటికి వచ్చే నెట్టు వంద దాటింది. పైగా 2.4లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంటులో ఇరవై రౌటర్లుంటే ఆ మూడింట్లోనే అన్నీ ఇరుక్కోవాలి. ఆ గోల లేని 5 గిగాహెర్ట్జ్ దారి ఒకటుందన్న సంగతే ఈ కార్డుకి తెలియదు.

కొత్త కార్డు ఎంచుకోవడంలో అతని లెక్క వేరు. ఇంటెల్ ఏఎక్స్210 అని ఒకటుంది, 6 గిగాహెర్ట్జ్ కూడా పడుతుంది. అది పెట్టవచ్చు కదా అన్నాను. మన దేశంలో 6 గిగాహెర్ట్జ్‌లో కింది 500 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 2025 మేలో ముసాయిదా నిబంధనలు వచ్చిన మాట నిజమే. కానీ ఆ పట్టీ వాడాలంటే రౌటర్ దానికి తగ్గది ఉండాలి, ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉండాలి. మాస్టారిది విండోస్ 10, ఈ వయసు ల్యాప్‌టాప్‌కి 11 ఎక్కదు. "రానిదానికి ఆయన చేత డబ్బులు పెట్టించడమెందుకండీ" అని ఏఎక్స్200 తీశాడు. ఏఎక్స్201 మాత్రం తియ్యలేదు. పేరులో ఒక్క అంకె తేడా, రూపం అదే, పట్టే స్లాటూ అదే. కానీ చివర 1 ఉన్న ఆ కార్డులో సగం పని ప్రాసెసర్ వైపే ఉంటుంది. దానికి కుదిరే ఇంటెల్ మదర్‌బోర్డు కాకపోతే ఎంత శుభ్రంగా బిగించినా కంప్యూటర్ దాన్ని గుర్తించదు. ఆన్‌లైన్లో చవకగా దొరికిందని కొని తెచ్చుకునేవాళ్ళు పడే గుంట ఇదే. ఇంకో గుంట కంపెనీలు తవ్విపెట్టింది. పాత థింక్‌ప్యాడ్‌లలో తమ జాబితాలో లేని కార్డు పెడితే 1802 అని ఎర్రర్ చూపించి మిషన్ అక్కడే ఆగిపోయేది. మాస్టారి మోడల్‌లో ఆ పేచీ లేదని చూసుకున్నాకే మూత మీద చెయ్యి వేశాడు.

మూత విప్పడం గురించి పెద్దగా చెప్పను. కాయితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే పెట్టాడు, ఎందుకంటే పొడుగు స్క్రూ పొట్టి కన్నంలో బిగిస్తే పైన చెయ్యి ఆనే చోట బొడిపె లేస్తుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టిన స్క్రూలని మళ్ళీ వాడకుండా పక్కన పడేశాడు. ముందుగా బ్యాటరీ కనెక్టర్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, మిగిలిన కరెంటు పోనిచ్చాడు. ఫోనుతో ఒక ఫోటో తీసుకున్నాడు. ఏ తీగ ఎటు వైపుదో కంపెనీని బట్టి మారుతుంది, కార్డు మీద చిన్న త్రిభుజపు గుర్తులున్నా సరే.

ఇక ఆ రెండు తీగల సంగతి. ఒక్కో తీగ మందం మిల్లీమీటరు అటూ ఇటూ. అంతలోనే నడుమ రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి తొడుగు, ఆ పైన అల్లిన లోహపు జాలీ, దాని మీద రంగు పూత. చివర బంగారు పూత పూసిన గుండ్రటి మూత, సుమారు రెండు మిల్లీమీటర్లు. జపానుకి చెందిన హిరోసే కంపెనీ యూ.ఎఫ్‌ఎల్ పేరుతో ఈ రకం కనెక్టర్ తెచ్చింది. ఇప్పటి చిన్న కార్డుల మీద ఉన్నది ఐ-పెక్స్ అనే మరో జపాను కంపెనీ చేసిన ఎంహెచ్‌ఎఫ్4, అంతకంటే పొట్టిది. హిరోసే తన కనెక్టర్‌కి రాసిన ఆయుష్షు 30 సార్లు. ముప్ఫై సార్లు పెట్టి తీస్తే పట్టు వదులుతుందని దాన్ని చేసినవాళ్ళే చెబుతున్నారు. రోజూ పెట్టి తీసే యూఎస్‌బీ వేలసార్లకి తట్టుకుంటుంది. దీన్ని మాత్రం ఫ్యాక్టరీలో ఒకసారి పెట్టి మరిచిపోవడానికే చేశారు. అందుకే దీని మీద పడే ప్రతి చెయ్యీ దాని ఆయుష్షులోంచే తీసుకుంటుంది.

ఊడదీసేటప్పుడు అతను తీగని పట్టుకోలేదు. ట్వీజర్ మొనలు మూత అంచు కింద రెండు వైపులా దూర్చి, నిట్టనిలువుగా పైకి లేపాడు. పక్కకి వంచితే నడుమనున్న సన్నటి ముల్లు వంగుతుంది, ఆపైన అది బాగుపడదు. స్క్రూ తియ్యగానే పాత కార్డు తనంతట తనే ఏటవాలుగా లేచింది. కొత్తదాన్ని అదే వాలులో స్లాటులోకి తోశాడు. కార్డు అంచున రెండు గాట్లుంటాయి. ఆ గాట్ల వల్లే ఈ కార్డు ఎస్‌ఎస్‌డీ స్లాటులోకి ఎక్కదు, తలకిందులుగానూ ఎక్కదు. ఇక్కడ తప్పు చేద్దామన్నా కుదరదు. తయారుచేసినవాళ్ళు ఆ ఆలోచన ముందే చేసి పెట్టారు.

తీగలు తగిలించడంలో మాత్రం తప్పుకి చోటు వదిలేశారు. అసలు చెయ్యి తెలిసేది అక్కడ. గుండ్రటి మూతని గుండ్రటి బొడిపె మీద ఆనించి, నొక్కకుండా, చూపుడు వేలి కొసతో అటూ ఇటూ కొద్దిగా కదిపాడు. కళ్ళతో చూడటం లేదు, వేలితోనే వెతుకుతున్నాడు. మధ్యకి వచ్చినప్పుడు మూత కదలడం ఆగుతుంది. అప్పుడు నిలువుగా ఒక్క నొక్కు. చొక్కా టిచ్ బటన్ పడ్డట్టు చిన్న చప్పుడు. మధ్యకి రాకముందే నొక్కితే అంచు నలుగుతుంది. చప్పుడు రాలేదని రెండోసారి గట్టిగా నొక్కేవాళ్ళే ఎక్కువ, అతను అలా చెయ్యలేదు. తెల్ల తీగ మొదటిసారి సరిగ్గా కూర్చోకపోతే, నొక్కు ఆపి, లేపి, మళ్ళీ మొదటినుంచీ వెతికాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ తీగ ఊడినా వైఫై వస్తుంది. కార్డు తన బొడిపెతోనే ఎదురుగా ఉన్న రౌటర్‌ని ఎలాగో వింటుంది. షాపులో అంతా బాగుంటుంది, ఇంటికెళ్ళాక రెండు గోడల అవతల చతికిలబడుతుంది. అప్పుడు అందరూ రౌటర్‌నో నెట్టు కంపెనీనో తిడతారు.

రెండు తీగలెందుకు, ఒకటి చాలదా అని మాస్టారు అడిగారు. ఆ కుర్రాడు "రెండు వరసల డేటా మేస్టారూ" అని ఊరుకున్నాడు. ఆ వెనక ఉన్న కథ విశాఖవాళ్ళకి పరాయిది కాదు, నౌకాదళపు కథ. పొల్లాచ్చిలో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ భారత నౌకాదళంలో పనిచేసి, యుద్ధనౌకల కోసం అప్సో అనే సోనార్ తయారీకి నాయకత్వం వహించారు. నీటి కింద గుట్టలకీ అడుగుకీ తగిలి తిరిగొచ్చే శబ్దాల్లోంచి అసలు సంకేతాన్ని వేరుచేసే విద్య అది. తర్వాత స్టాన్‌ఫర్డ్ వెళ్ళి 1990ల మొదట్లో మిమో ఆలోచన చేశారు. గోడలకి తగిలి చెదిరి వచ్చే రేడియో తరంగాల్ని అప్పటిదాకా అందరూ బెడదగానే చూసేవారు. అటూ ఇటూ ఒకటికి మించిన యాంటెన్నాలుంటే ఆ చెదరడమే ఆసరాగా, ఒకే పౌనఃపున్యంలో ఒకేసారి రెండు వేర్వేరు వరసలు పంపి, చేరాక విడదీయవచ్చని ఆయన చూపించారు. థామస్ కైలత్‌తో కలిసి తీసుకున్న పేటెంటు 1994లో వచ్చింది. 2014లో మార్కోని బహుమతి వచ్చింది. బల్ల మీద ఆ రెండో తీగకి ఉన్న పని అదీ.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి పని. ఆ తీగలు కార్డు దగ్గర మొదలై, హింజ్ లోంచి దూరి, తెర పైఅంచున కెమెరాకి అటూ ఇటూ ఉన్న యాంటెన్నాల దాకా పోతాయి. మూత తెరిచి మూసినప్పుడల్లా హింజ్ దగ్గర మెలిక పడేది అవే. అతను తీగల్ని వాటి గాడిలోనే పరిచి, ఫ్యానుకీ స్క్రూ కన్నాలకీ దూరంగా టేపు వేశాడు. ముందే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఉంచుకున్న డ్రైవర్ ఎక్కించాడు. నెట్టు లేని మిషన్‌లో నెట్టుకి డ్రైవర్ డౌన్‌లోడ్ చెయ్యలేం కదా. కనెక్షన్ వేగం 1,201 ఎంబీపీఎస్ అని చూపించింది. అంటే రెండు వరసలూ నడుస్తున్నాయి. అక్కడితో ఆగితే మామూలు పనివాడే. అతను షాపు బయటికి, రోడ్డు అంచు దాకా ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, సిగ్నల్ చూస్తూ తెరని మెల్లగా వెనక్కీ ముందుకీ వంచాడు. తీగలో లోపం ఉంటే ఏదో ఒక కోణంలో సిగ్నల్ పడిపోతుంది. పడలేదు. పాత కార్డుని చిన్న కవర్లో పెట్టి మాస్టారి చేతికే ఇచ్చాడు. ఎప్పుడైనా కంపెనీ సర్వీసుకి ఇవ్వాల్సి వస్తే దాన్నే పెట్టి ఇమ్మన్నాడు.

డెస్క్‌టాప్‌లో పని దీనికంటే తేలిక. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు స్లాటులో గుచ్చి, వెనక యాంటెన్నాలు తిప్పి బిగిస్తే సరి. అవి ఇనప డబ్బా వెనక గోడకి ఆనుకుని ఉంటే మాత్రం లాభం తక్కువ, తీగతో బల్ల మీదికి తెచ్చుకునే యాంటెన్నా మేలు. మాస్టారు లేచేసరికి ఒకబ్బాయి అలాంటి డెస్క్‌టాప్‌తోనే వచ్చాడు. తనే కార్డు పెట్టుకున్నాడట, వైఫై బాగానే ఉంది, బ్లూటూత్ అసలు కనిపించడం లేదు. ఈ కార్డుల్లో వైఫై పీసీఐ దారిన, బ్లూటూత్ యూఎస్‌బీ దారిన పోతాయి. దానికోసం కార్డు నుంచి మదర్‌బోర్డు మీది తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి విడిగా ఒక తీగ కలపాలి.

"కార్డు డబ్బా తెచ్చావా తమ్ముడూ?"

తెచ్చాడు. ఆ తీగ అందులోనే, కవరు కూడా విప్పకుండా ఉంది.