చెదిరిన గీత తప్పేనా?

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పుట్టపాక అంటే డబుల్ ఇకత్. ఆ నేతకు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంత పేరున్న బట్టనూ కొనేవాళ్లు వేలితో తడిమి, పువ్వు గీత చెదిరిందని ధర తగ్గించమంటారు. ఆ చెదురే ఈ నేతకు ఆనవాలు.

ఇకత్‌లో డిజైను బట్ట మీద పడదు, నూలులోనే పడుతుంది. మేకుల చట్రమైన ఆసు మీద పోసిన పేక నూలును గ్రాఫు కాగితం చూసుకుంటూ పోగులు లెక్కపెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి బిగిస్తారు. రంగులో ముంచి తీశాక కొన్ని కట్లు విప్పి, కొత్తచోట కట్టి, మళ్లీ ముంచుతారు. కట్టు ఎంత బిగించినా దాని కిందికి రంగు వెంట్రుకవాసి పాకుతుంది. మగ్గం మీద పోగూ కాస్త జరుగుతుంది. గీత అంచు మెత్తబడేది అందుకే. డబుల్ ఇకత్‌లో పడుగు, పేక రెండూ ఇలా ముందే రంగులద్దినవి కాబట్టి పడుగులోని ఎరుపు మీదికి పేకలోని ఎరుపు సరిగ్గా రావాలి. నేతగాడు మాటిమాటికీ ఆగి పేకను అటో ఇటో లాగి సర్దుతాడు. డబుల్ ఇకత్‌లోనే నేసే తేలియా రుమాలుకైతే దీనికంటే ముందే మరో పని ఉంది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి పిసికి ఆరబెట్టాలి. ఎరుపు గట్టిగా పట్టేది దానివల్లే. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు వెళ్లిన ఈ రుమాలుకు 2020లో పుట్టపాక పేరిట భౌగోళిక గుర్తింపు దక్కింది.

అలాగైతే చేతకాని నేతకు ఇదొక సాకు కాదా? కాదు. రేకు సగం పక్కకు జరిగితే అది తప్పే, దాన్ని ఎవరూ వెనకేసుకురారు. అంచు మెత్తబడటం వేరు. ప్రింటు వేసేవాళ్లు ఆ మెత్తదనాన్నీ నకలు చేస్తారు గానీ, అచ్చు కాబట్టి ప్రతి పువ్వూ ఒకేలా చెదురుతుంది. పైగా చాలా ప్రింట్లు తిరగేస్తే వెలిసినట్టుంటాయి. ఇకత్‌కు రెండు వైపులా అదే రంగు. పనితనాన్ని దాచకపోవడమే గొప్పయిన చోటూ ఉంది. పారిస్‌లో స్వెట్టర్లతో పేరు తెచ్చుకున్న డిజైనర్ సోనియా రికియెల్ (1930–2016) కుట్లను బయటికి తిప్పి, అంచులు మడవకుండానే వదిలేసింది. ఆమెను అల్లికల రాణి అన్నారు. పనితనం కనబడితే అక్కడ కిరీటం, ఇక్కడ బేరం!

ఆసు యంత్రం వచ్చాక ఇంకా చేతిపని ఎక్కడుందని మరో మాట. ఆసు పోయాలంటే ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి ఆడించాలి. ఆ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే, భుజాలు పడిపోయేదీ వాళ్లకే. తల్లి పడే నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆ యంత్రం చేశాడు. అది తీసుకున్నది ఆ చాకిరీని మాత్రమే. కట్టడం, రంగులద్దడం, మగ్గం మీద సర్దడం ఇంకా మనిషి చేతిలోనే ఉన్నాయి. యంత్రం మీద ఆసు పోసిన చీరలోనూ గీత అంచు మెత్తగానే ఉంటుంది.