పేర్ లిస్నె: జానపద చిత్రకళకు ఒక కొలమానం

జానపద కళాకారుని జీవితాన్ని చదివేటప్పుడు మీరు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ కళ ఎవరి అవసరం కోసం పుట్టింది? నార్వేకు చెందిన ‘రోసెమాలింగ్’ అనే అలంకరణ చిత్రకళకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

18వ శతాబ్దంలో ఈ కళ నార్వే గ్రామాల్లో విస్తరించింది. పొగగొట్టం లేని పొయ్యి ఉన్నంతకాలం ఇంటి గోడలకు మసి పట్టేది. పొగగొట్టాలు వచ్చాక గోడలు, పైకప్పులు రంగులకు అనువయ్యాయి. టెలిమార్క్, హాలింగ్‌డాల్ వంటి ప్రాంతాలు సొంత శైలులను పెంచుకున్నాయి. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఈ కళ క్షీణించింది.

పేర్ లిస్నె 1880లో నార్వేలోని లార్‌డాల్‌లో జన్మించాడు. 1907లో అమెరికా వెళ్లి, నార్వే వలసదారులు అధికంగా ఉన్న స్టౌటన్ పట్టణంలో స్థిరపడ్డాడు. బండ్ల కర్మాగారంలో బండ్లకు రంగులు, అలంకారాలు వేయడం అతని ఉద్యోగం. ఆర్థిక మాంద్యంలో ఆ ఉపాధి పోయింది. అప్పుడు చెక్క పళ్లేలపైన, సామానుపైన పూలు, తీగలు చిత్రించి అమ్మడం జీవనాధారం చేసుకున్నాడు. 1947లో మరణించాడు.

ఇతనిని ‘అమెరికా రోసెమాలింగ్ పితామహుడు’ అంటారు. ఈ బిరుదును మీరు యథాతథంగా స్వీకరించకూడదు. రంగులద్దిన పెట్టెలను వలసదారులు 19వ శతాబ్దంలోనే వెంట తెచ్చుకున్నారు. కాబట్టి ఇతడు ఆద్యుడు కాదు, పునరుద్ధారకుడు.

అమ్మకం కోసం చేసినందువల్ల ఇతని కళ పలచబడిందనే ఆక్షేపణ రావచ్చు. ఇది నిలవదు. పాత చిత్రకారులు కూడా ఊరూరా తిరిగి, కూలికి పనిచేసినవారే. అసలు మార్పు కొనుగోలుదారులో వచ్చింది. నాటి రైతు చిత్రించిన గదిలోనే నివసించాడు. లిస్నె పళ్లెం కొన్నవారు దానిని పూర్వికుల దేశానికి గుర్తుగా గోడకు తగిలించుకున్నారు. గది మొత్తానికి కుదిరిన రచన ఒక పళ్లెం వలయంలోకి ఒదిగింది. ఇది నిజమైన నష్టం. అయితే ఆ పళ్లెమే నేర్చుకోవాలనే కోరికను కూడా పుట్టించింది. 1967 నుంచి డెకోరాలోని వెస్టర్‌హైమ్ మ్యూజియం నార్వే చిత్రకారులను రప్పించి శిక్షణ ఇప్పించినప్పుడు, ఆ కోరిక ఉన్న విద్యార్థులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. లిస్నె స్థానాన్ని నిర్ణయించేటప్పుడు ఈ నష్టాన్నీ ఈ ఫలితాన్నీ కలిపి తూచాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వాడుక వస్తువు జ్ఞాపిక అయినప్పుడు దాని కళావిలువ తగ్గుతుందా? లిస్నె ఉదాహరణతో పది వాక్యాల్లో చర్చించండి.